అడియేన్ అన్నవాడి సైటు

"నువ్వు పులుసు చూసుకో గోదా. సైటు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

పులిహోర పులుసు కలుపుతున్నాను. సైటు అంటే మా ఇంట్లో మూడుండాయి. నా కళ్ళకొచ్చిన సైటు, తిరుచానూరు దారిలో ఆయన కొన్న ఇంటి సైటు, ఇప్పుడు ఈ యాత్రల సైటు. మొదటిది నా సొంతం, రెండోది ఆయన పేరు మీద, మూడోది ఎవరిదో తేలాల్సి ఉండాది.

మా ఆయన సారంగపాణి బడిలో సంస్కృతం చెప్తాడు. అందరం కలిసి బదరీ యాత్రకు పోదామనుకున్నాం. మా అత్తయ్య, ఆడబిడ్డ జయంతి, వాళ్ళ బలగం, తొమ్మండుగురం. మాది వైష్ణవుల ఇల్లు, బయటి తిండి పనికిరాదు. యాత్ర ఎక్కడికి పోతే పొయ్యి అక్కడికి, పొయ్యి ఎక్కడికి పోతే నేను అక్కడికి. శ్రీరంగం పోయినాం, కంచి పోయినాం, మేల్కోట పోయినాం. మేల్కోటలో స్వామి ఎట్లుంటాడని అడిగితే తడుముకుంటాను. సత్రంలో వంటిల్లు ఎట్లుంటుందో అడగండి, ఏ గోడకు ఎంత మసి పట్టిందో చెప్తాను. తడిబట్ట కట్టుకుని అందరికీ వండి, వడ్డించి, గిన్నెలు తోమేసరికి గుడి తలుపులు మూసేసేవాళ్ళు. "దేవుడు ఎక్కడికి పోతాడు వదినా, రేపు చూడొచ్చులే" అనేది జయంతి, చేతికి కుంకుమ పొట్లం ఇస్తూ. రేపు తొమ్మిదింటికి బస్సు ఉండేది.

బదరీకి ఆయన ఫోన్లో వెతికిపట్టిన ఈ యాత్రల సైటులో ఒక వాక్యం రాసిపెట్టినారు. 'మడి వంట మాది. మీ ఇంటి ఆడవారికి పూర్తి విశ్రాంతి.' దాన్ని నేను నాలుగుసార్లు చదివినాను. పదకొండు రోజులు పొయ్యి మొహం చూడకుండా! నారాయణుడి మొహం కంటే ముందు అదే కళ్ళముందు మెదిలింది. పాపమో, పుణ్యమో, ఉన్నమాట అది.

కానీ సైట్లు చూడడంలో నాకొక అలవాటు పడిపోయింది. నెలనెలా కొండ టికెట్లు ఆన్‌లైన్లో వదిలే పొద్దున ఫోను పట్టుకుని కూర్చునేది నేనే. "తిరుపతిలో ఉండేదానివి గదా, రెండు టికెట్లు తీసివ్వలేవా" అంటారు చుట్టాలు. జీతం లేదు, జీవితకాలం ఉద్యోగం. ఒకసారి సూళ్లూరుపేట నుంచి మా పెదనాన్న కొడుకు ఏదో సైటులో టికెట్టు కొనుక్కుని వచ్చినాడు. కొండమీద గేటు దగ్గర ఆ కాగితం చెల్లదని వెనక్కి పంపేసినారు. పిల్లల ముందు ఆ మనిషి తల దించుకుని మెట్లు దిగిన తీరు చూసినప్పటినుంచి, నేను ఏ సైటునైనా పెళ్ళిచూపులకు వచ్చినోణ్ణి చూసినట్టు చూస్తాను. నా పెళ్ళిచూపుల్లో మాత్రం ఎవరూ నన్ను చూడనియ్యలేదు.

ఈ సైటునూ అట్లే చూసినాను. ఇరవై ఏండ్ల సేవ అని రాసినారు, సైటు పుట్టి మూడు నెలలు కాలేదు. మెచ్చుకున్నవాళ్ళు ఆరుగురు, ఆరుగురూ ఒకేరోజు ఒకే మాటతో మెచ్చుకున్నారు. డబ్బు కంపెనీ పేరుకు కాకుండా ఎవరిదో ఇంటిపేరు కూడా లేని ఖాతాకు వేయమన్నారు. వీటన్నిటికంటే నన్ను నిలేసింది ఒక ఫోటో. 'మా మడి వంట' అని అరిటాకు వేసి చూపించినారు. ఆకులో సాంబారు, సాంబారులో మునగకాడ, పక్కన తరిగిన ఉల్లిపాయ. మునగకాడా, ఉల్లిపాయా మడి వంటకు నిషిద్ధం, ఈ రెండూ మా ఇంటి గడప తొక్కవు. ఆయనకు చూపించినాను.

"ఫోటో గదా, ఏదో పెట్టింటారు" అన్నాడు.

ఇరవై ఆరేండ్లుగా తింటున్నాడు. ఆకులో ఏముందో ఒక్కసారైనా చూసి తినుంటే కదా!

మరుసటి రోజు కూరగాయల సంచి పట్టుకుని ఉత్తర మాడవీధికి పోయినాను. సైటులో ఇచ్చిన ఇంటి నంబరు అక్కడిదే. ఆ నంబరులో గాజుల అంగడి ఉండాది. అంగడాయన మునెయ్య నన్ను చూసి, "యాత్రల ఆఫీసా తల్లీ? నువ్వు నాలుగోదానివి. పోయినవారం ఒకాయన నన్నే పట్టుకుని తిట్టినాడు. ఈడ గాజులు తప్ప ఏం లేవమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పినాను. మా ఆడబిడ్డా అక్కడే ఉండాది.

"నీకు అన్నిట్లోనూ అనుమానమే" అన్నాడు ఆయన. "ఆ సైటు నడిపే పరాశర్ స్వామితో నేను అరగంట మాట్లాడినాను. ఫోనెత్తగానే 'అడియేన్, దాసుణ్ణి' అన్నాడు. మా గురుపరంపర అడిగి తెలుసుకున్నాడు. అట్లాంటి మనిషి మోసం చేస్తాడా?"

అడియేన్ అంటే మీ పాదదాసుణ్ణి అని. మా వాళ్ళు పెద్దల ముందు వినయంగా అనే మాట. ఆ మాట అన్నవాణ్ణి మావాళ్ళు ఆధార్ అడగరు. ఆ మాటే ఆధారం. నేను ఇరవై ఆరేండ్లుగా నోటితో అనకుండా నడుంతో అంటున్నాను, ఆ లెక్కన నా మాటకు ఎంత విలువుండాలి?

"వదినకు ప్రయాణం ఇష్టం లేదేమోలే అన్నా" అంది జయంతి. "వంట లేకపోతే పొద్దుపోదు గదా ఆమెకు."

ఆయన బ్యాంకు ఖాతాకు నా ఫోను నంబరు ముడిపెట్టుండాది. బ్యాంకు పోయేది, లైన్లో నిలబడేది నేనే కాబట్టి. సాయంత్రం ఆయన హాల్లోంచి కేకేసినాడు. "గోదా, ఓటీపీ వచ్చింటాది చెప్పు."

గరిటె పట్టుకునే ఫోను చూసినాను. ఆరంకెలు. చెప్పకపోతే ఏమైతుందో తెలుసు. వారం రోజులు ముద్ద మింగేటప్పుడల్లా నా అనుమానం సంగతే నంజుకుంటారు. అదొకటే అయితే ఓర్చుకునేదాన్ని. ఇంకొకటుండాది. నాకు తెలిసిందంతా అబద్ధమై, ఆ ఒక్క వాక్యం నిజమైతే బాగుండునని నా లోపల ఒకతి కొంగు పట్టుకుని అడుక్కుంటా ఉండాది. ఆరంకెలూ చెప్పేసినాను.

ప్రయాణం రోజు రేణిగుంట స్టేషన్లో తొమ్మండుగురం, పద్నాలుగు సంచులు. టికెట్ల మీద నంబర్లు చూసి, "ఇవి ఎప్పుడూ పుట్టని నంబర్లు సార్" అన్నాడు రైలు టీసీ. పరాశర్ స్వామి ఫోను మూగబోయింది. రైలు మా కళ్ళముందే కదిలిపోయింది. అత్తయ్య సిమెంటు బెంచీ మీద కూర్చుని నావైపు చూసింది.

"అంతా వదిన ఫోన్లోనే గదా జరిగింది. ఒకసారి చూసుకోవద్దా?" అంది జయంతి.

నేను ఆయన మొహం చూసినాను. ఒక్కమాట చాలు. ఈమె చెప్పింది, నేనే వినలేదు అంటే చాలు. ఆయన చొక్కా గుండీ సవరించుకున్నాడు.

"ఫోను పనులన్నీ ఈమేగా చూసేది. నాకేం తెలుస్తాయి ఇవన్నీ" అన్నాడు.

బుక్ చేసింది ఆయన, బుక్కయింది నేను. ఈ మాటకు నవ్వొచ్చిండాలి. రాలేదు.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండైంది. ఎవరూ ఏమీ తినలేదు. తాళం తీసి, తలస్నానం చేసి, తొమ్మండుగురికి అన్నం వండినాను. వడ్డిస్తుంటే ఎవరూ తలెత్తలేదు. పెరుగు మాత్రం రెండోసారి అడిగినారు.

మరుసటి రోజు సాయంత్రం పోలీస్ స్టేషన్లో సైబర్ నేరాలు చూసే హెడ్ కానిస్టేబుల్ రేవతి కంప్యూటరు ముందర కూర్చుని అడిగింది. "ఫిర్యాదు ఎవరి పేరున పెట్టమంటారు సార్? మోసపోయినవాళ్ళు ఎవరు?"

"ఆమె పేరే రాయండి" అన్నాడు ఆయన తొందరగా. "నాది బడి ఉద్యోగం. పేపర్లో పడితే పిల్లకాయలు నవ్వుతారు. ఓటీపీ చెప్పింది కూడా ఆమే."

రేవతి నావైపు తిరిగింది. "అంతేనామ్మా?"

మామూలుగా అయితే తలూపేదాన్ని. తల ఊగడానికి అలవాటు పడిపోయిందేమో, కొంచెం కదిలింది కూడా. దాన్ని పట్టి ఆపినాను.

"ఓటీపీ చెప్పింది నేనే మేడం, అది రాసుకోండి" అన్నాను. "మోసమని తెలిసీ చెప్పినాను, అదీ రాసుకోండి. గాజుల అంగడి మునెయ్య పేరు చెప్తాను, ఆ ఫోటో కూడా ఉండాది నా దగ్గర."

"ఏయ్ గోదా" అన్నాడు ఆయన, మెల్లగా, పళ్ళ మధ్య నుంచి.

రేవతి వేళ్ళు ఆగిపోయినాయి. "మరి మోసపోయినవారు అనే చోట?"

"ఆయన పేరు రాయండి" అన్నాను. "నా పేరు సాక్షుల్లో రాయండి."