బోర్లించిన బకెట్టు

తెనాలి నుంచి ఇనప బకెట్లు తెచ్చి రేపల్లె దిగువ సముద్రపు పల్లెల్లో అమ్మేవాణ్ణి. నా జీవితంలో వచ్చిన నష్టాలన్నీ కూడితే, చూడాల్సింది చూడకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. వాటిలో ఇది పెద్దది.

అరవై ఆరులో, కార్తీకమాసం. బాపట్ల సంతలో ఒకాయన బకెట్టు బోర్లించి రెండు పుల్లలతో వాయిస్తుంటే జనం మూగారు. ఆయన అమ్మేది కుంకుడుకాయలు. పక్కనే నా బకెట్ల వైపు చూసినవాడు లేడు. ఈ విద్య నాకు రావాలి అనుకున్నాను.

ఆ పల్లెల్లో ఒకదాంట్లో, జాలరి వెంకయ్య ఇంటి పక్క పాక అద్దెకు తీసుకుని అందులో సరుకు ఉంచేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే వెంకయ్య, అతని తమ్ముడు పున్నయ్య పడవలో వేటకు వెళ్ళారు. నేను మట్టి నేల మీద ఒక బకెట్టు బోర్లించి సరుగుడు పుల్లలతో మొదలుపెట్టాను. మొదటి దెబ్బ మూగగా పడింది. అంచు కింద ఇటుక ముక్క పెట్టి కాస్త ఎత్తితే గొంతు వచ్చింది. గలగలలాడే పిడిని గుడ్డతో కట్టాను. రెండు దెబ్బలు నడుమ, ఒకటి అంచు మీద. ఎంత నెమ్మదిగా మొదలుపెట్టినా చేతులు పరుగెత్తేవి. అరగంటకే అరచేతిలో బొబ్బ లేచింది.

వెంకయ్య భార్య పుల్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంటి షావుకారు గారూ, ఆ పని?"

"నేర్చుకుంటున్నానమ్మా, సంతలో జనాన్ని పిలవడానికి."

"మనుషులు నీళ్ళ మీద ఉండగా మేం ఏ గిన్నెనీ బోర్లించం. తోమిన కుండైనా మూతి పైకే పెడతాం. తెలీదా?"

"నాకెవరు చెప్పారు?"

"చెప్పాలా అండి? ఆరేళ్ళుగా మా ఇళ్ళలోకి వస్తన్నారు. చిల్లు పడ్డ బకెట్టు ఎవరింట్లో ఉందో తప్ప ఇంకేం చూస్తారు మీరు!"

ఆమె లోపలికి రాలేదు. నేను బకెట్టు తిప్పి నిలబెట్టేదాకా అక్కడే ఉంది. తర్వాత తూర్పుకేసి చూసింది. అక్కడ ఆకాశం బూడిద రంగులో ఉంది. అది నేను పుల్లలు పట్టకముందు నుంచే ఉంది. ఆ మాట ఆమెతో అంటే నాకు ఒరిగేదేమీ లేదని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి గాలి మళ్ళింది. ఏరు సముద్రంలో కలిసే మొగ వానలో మాయమైంది. మిగతా పడవలు వచ్చేశాయి. వెంకయ్య పడవ రాలేదు. మొగకు రెండు పక్కలా ఇసుక దిబ్బలు; దారి తప్పిన పడవ వాటి మీద విరిగిపోతుంది. మొగ ఎటో పడవకు తెలియాలని ఆడవాళ్ళు కేకలు వేశారు, పళ్ళేలు కొట్టారు. ఆ చప్పుడును గాలి వెనక్కే తోసింది. ఊళ్ళో ఉన్న ఒక్క డప్పూ, దాన్ని వాయించే బర్నబాస్‌తో పాటు బాపట్ల పెళ్ళికి పోయింది.

పుల్లమ్మ తడుస్తూ నా పాకకు వచ్చింది. "ఆ బకెట్టు తీసుకురండి."

"బోర్లిస్తేనే మోగుద్దమ్మా."

"తెలుసు. రండి."

"నా చెయ్యి పడిపోతే ఎవరైనా అందుకుంటారా?"

ఆమె వెనకే వచ్చిన వెంకయ్య తల్లి వీరరాఘవమ్మ అడ్డంగా తల ఊపింది. "బోర్లించినదాన్ని మా చేతులు తాకవు నాయనా. నువ్వు తిరగేశావు, నువ్వే కొట్టు."

మొగ దగ్గర తడి ఇసుకలో, అంచు కింద చెక్క పెట్టి కొట్టాను. అంచు దెబ్బే గాలిని కోసుకుని పోతోంది. అక్కడే కొట్టాను. చాలాసేపటికి వాన లోపలి నుంచి పున్నయ్య కేక వినబడింది.

"విన్నారు! ఆపకండి!" అని పుల్లమ్మ అరిచింది.

అప్పుడే బొబ్బ పగిలింది. రక్తానికి కుడి పుల్ల జారి ఇసుకలో పడింది. ఎడమ చేత్తో కొడుతూ ఉండొచ్చని తోచలేదు. రెండు చేతులతో వెతికాను. పుల్ల పుల్లమ్మ పాదం పక్కనే పడి ఉంది. ఆమె దాన్ని చూసింది. వంగలేదు. నేను అందుకుని మళ్ళీ కొట్టేసరికి ఇరవై లెక్కపెట్టేంత సేపు పోయింది.

దిబ్బకు తగిలిన పడవ ఒక పక్కకు ఒరిగి వచ్చింది. అందులో వెంకయ్య ఒక్కడే ఉన్నాడు.

"మధ్యలో ఆగిందేం?" అన్నాడు.

పున్నయ్య దొరకలేదు.

పుల్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అయితే ఆ తర్వాత వెంకయ్య వేటకు వెళ్ళిన ప్రతి పొద్దునా, ఆ బకెట్టు అంచుదాకా నీళ్ళతో నా గుమ్మంలో ఉండేది. దాటుకుని తిరిగేవాణ్ణి. పడవ వచ్చాక ఆమే వచ్చి పారబోసేది.

మరుసటి ఏడు అదే నెలలో, ఒక మధ్యాహ్నం తూర్పున మళ్ళీ అదే బూడిద రంగు. వాన మొదలైంది. బకెట్టులో నీళ్ళు అలాగే ఉన్నాయి. పుల్లమ్మ వచ్చింది. నీళ్ళు నేల మీద ఒలకబోసి, తన చేతులతోనే బకెట్టు బోర్లించి చంకన పెట్టుకుంది. కొంగులోంచి రెండు సరుగుడు పుల్లలు తీసి, ఒకటి నాకిచ్చింది.

"నడవండి," అంది.

మొగ వైపు ఏమీ కనబడటం లేదు.