మా ఆయనకి నచ్చిన మూడు ఆల్బమ్‌లు

పాతికేళ్ల కాపురంలో మా ఆయన నన్ను ఏ పాట గురించీ "నీకెలా ఉంది?" అని అడిగిన పాపాన పోలేదు. పాటలు నాకు చెవిలో జోరీగలని ఆయన నమ్మకం. నేనూ ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు. ముందుగదిలో కుట్టుమిషన్ నాది, పక్కగదిలో పాటలు ఆయనవి. నేను లోకుల ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను. ఆయన కట్టుడు పళ్లు తయారుచేస్తారు. ఊళ్లో సగంమంది నవ్వు మా బావ చేతి చలవేనని మా తమ్ముడి వేళాకోళం. పళ్లు అరగదీస్తున్నంతసేపూ పక్కన పాట మోగుతూనే ఉండాలి. కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా ఆయన చెవిన పడకుండా పోదు.

ఏడాది చివరి ఆదివారం మా తమ్ముడు వస్తాడు. వాడు బస్సు డ్రైవరు, వాడికీ ఇదే పిచ్చి. భోజనాలయ్యాక బావాబావమరుదులు ఎదురెదురుగా కూర్చుని, ఆ ఏడు వచ్చినవాటిలో తమకి నచ్చిన ఆల్బమ్‌లు మూడేసి చెప్పుకుని, వినిపించుకుని, చీకటి పడేదాకా తగువులాడుకుంటారు. మా ఆయన పెళ్లిచూపులకి కూడా అంత సిద్ధపడి రాలేదు. నెల ముందునుంచే వడపోత. "ఆ వయొలిన్ వెంట్రుకవాసి శ్రుతి తగ్గింది" అంటూ ఎంత మంచి ఆల్బమ్‌నైనా నిర్దాక్షిణ్యంగా అవతల పడేసేవారు. ఆ ఒక్క పూటా ఆయన పళ్లు చేసే మనిషి కాదు, మహారాజు.

ఈసారి ఎండలు ముదరకముందే ఆయనకి స్ట్రోక్ వచ్చింది. మూతి ఒక పక్కకి లాగేసింది, కుడిచెయ్యి మాట వినలేదు. దేవుడి దయవల్ల రెండూ నెమ్మదిగా దారికొచ్చాయి. "గండం గడిచిందమ్మా, అదృష్టవంతులు" అంది డాక్టరమ్మ. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది వింత. కొత్త ఆల్బమ్ పెట్టడం, గుమ్మంలోకొచ్చి నిలబడి "ఎలా ఉందోయ్?" అనడం. మొదటిసారి ఆ మాట వినగానే వేలు సూదికింద పెట్టుకున్నంత పని చేశాను.

"నన్నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

"బానే ఉంది."

"బానే ఉందంటే ఏం తెలుస్తుంది? ఎలా ఉందో చెప్పు."

అది ఎవరో ముసలాయన ఒక్కడే కూర్చుని పాడిన ఆల్బమ్. "పాడుతున్నట్టు లేదండీ, అలిగినవాళ్లని బుజ్జగిస్తున్నట్టుంది" అన్నాను. ఆయన తలూపి లోపలికెళ్లిపోయారు. తర్వాత అక్కాచెల్లెళ్ల ఆల్బమ్ వచ్చింది. "చిన్నదానికి పెద్దదాన్ని దాటిపోయే గొంతుంది, కావాలనే దాటట్లేదు" అన్నాను. ఇంకోసారి ఉత్త వాద్యాల ఆల్బమ్. అందులో డోలు ఠక్కున ఆగిపోయిన చోట, ఎవరో తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారనిపించి వెనక్కి తిరిగి చూశాను. అదే చెప్పాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఒకటే మురిపెం. చావు తప్పి బయటపడ్డాక మనిషికి పెళ్లాం విలువ తెలిసొచ్చిందనుకున్నాను. చూస్తూ చూస్తూ ఉండగానే పాటల పిచ్చి నాకూ పట్టుకుంది. పని పక్కనపడేసి, మిషన్ ఆపి మరీ వినేదాన్ని.

ఏడాది చివరి ఆదివారం రానే వచ్చింది, తమ్ముడూ వచ్చాడు. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినబడుతోంది.

"ముందు ముసలాయన. ఆయన పాడట్లేదురా, అలిగినవాళ్లని బుజ్జగిస్తున్నాడు."

తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"రెండోది అక్కాచెల్లెళ్లది. చిన్నదానికి పెద్దదాన్ని దాటే గొంతుంది, దాటదు. మూడోదాంట్లో డోలు ఆగుతుంది చూడు, ఎవరో గుమ్మంలోకొచ్చి నిలబడ్డట్టుంటుంది."

"అబ్బో! బావా, శ్రుతి ఊసే లేదేంటి ఈసారి? కవిత్వం మొదలెట్టావా?"

"వయసొస్తోంది కదరా" అని నవ్వారు ఈయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట సొంతం కాదు, అన్నీ నావే! మా ఆవిడ అంది అని ఒక్క ముక్క అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? కడిగిపారేద్దామనే ముందుగదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అప్పటికే తనవి రెండు చెప్పేసిన మా తమ్ముడు, "నా మూడోది పేరు చెప్పను. నిన్నే వచ్చింది, నువ్వు విని ఉండవు. విని అక్కడికక్కడే చెప్పాలి" అంటూ ఒక ఆల్బమ్ పెట్టాడు.

ఒకమ్మాయి గొంతు, వెనక ఏవో తీగలు, అంతే. నేను మా ఆయన ముఖం చూశాను. అది పాట వింటున్న ముఖం కాదు. పంటినొప్పి ఓర్చుకుంటున్న ముఖం. కుర్చీ చెయ్యిని బిగించి పట్టుకున్నారు. వాడు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు, వాడికేం తెలుసు? రెండు పాటలయ్యాక వాడు ఆపి, "చెప్పు బావా" అన్నాడు. ఆయన నావైపు చూశారు. జన్మలో ఎవర్నీ సాయం అడగని మనిషి.

నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఆగరా, ముందు నేను చెబుతాను" అన్నాను.

"నువ్వా? ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడక్కా?"

"నోర్ముయ్యి. ఆ పిల్ల ఎక్కడా ఏడవట్లేదు. ఏడుపొచ్చిన చోటల్లా తను ఆగిపోయి తీగలకి వదిలేస్తోంది."

"అదే" అన్నారు మా ఆయన గబుక్కున. "నేను అనబోయిందీ అదే."

వాడు చంకలు గుద్దుకున్నాడు. ఈ ఏడు గెలుపు తనదేనని ఊరేగింపు మొదలుపెట్టి, కాఫీ తాగి, బావని రెండుసార్లు కౌగిలించుకుని వెళ్లాడు.

తలుపేసి వచ్చి అడిగాను. "ఎప్పట్నుంచి?"

ఆయన బుకాయించలేదు. "ఆసుపత్రినుంచి వచ్చిన రోజునుంచి. మాటలు వినబడతాయి. నీ మిషన్ వినబడుతుంది. పాట పెడితే మాత్రం మెట్లమీంచి గిన్నెలు దొర్లినట్టుంటుంది. ఏ పాటైనా అంతే."

"డాక్టరమ్మకి చెప్పారా?"

"చెప్పాను. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంది."

"మరి నాకో? నేను మనిషిని కానా? ఇన్ని నెలలు ఆ మోత భరిస్తూ కూర్చున్నారా?"

"చెబితే నువ్వు పాట పెట్టనివ్వవు. వాడు జాలిపడి ఆదివారం రావడం మానేస్తాడు. ఇంక నాకేం మిగులుతుంది? పళ్లేగా." నా మిషన్ వైపు చూశారు. "నువ్వు చెబుతుంటే అక్కడ ఏముందో కొంచెం తెలిసేది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకీ ఆగలేదు.

కొంతసేపటికి, "వాడు పెట్టింది నిజంగా అంత బావుందా?" అని అడిగారు.

ఏమని చెప్పను? నా బతుకులో అంత మంచి పాట వినలేదు. ఆయనకి పాట పోయిన ఏడే నాకు పాట వచ్చింది. నాకు కావాలని ఎవరడిగారు? ఆయన కంచంలోంచి లాక్కుని తిన్నట్టుంది నాకు.

"ఏం లేదండీ. వాడు నొచ్చుకుంటాడని అన్నాను. మామూలుదే."

"అబద్ధం" అన్నారు. "నీ కాలు తాళం వేస్తూనే ఉంది. అంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక పాట అయిపోయి రెండోది మొదలైందని, నీ కాలు ఆగి మళ్లీ కదిలితేనే తెలిసింది నాకు."

లేచి వెళ్లి తన హెడ్‌ఫోన్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇవి పెట్టుకుని విను. నాకేం మోత ఉండదు. నేను చూస్తాను."

వద్దంటే వినే మనిషి కాదు. చెవులకి తగిలించుకుని పాట పెట్టాను. ఆయన ఎదురుగా పీట వేసుకుని, మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, నా పాదం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ పిల్ల పాడడం మొదలుపెట్టింది. ఆయన కోసమైనా తాళం వెయ్యాలని చూశాను. కాలు కదలలేదు. తీగలు వచ్చాయి, వెళ్లాయి, కళ్లనిండా నీళ్లు, కాలు మాత్రం రాయిలా ఉండిపోయింది.

ఆయన తలెత్తి చూశారు. మాట నాకు వినబడలేదు, పెదవులు కదలడమే కనబడింది.

"ఇంకా మొదలవలేదా?" అంటున్నారు.