బండి దిగిన దీపం

షాలేమ్‌రాజు పొద్దున లేవగానే ముఖమైనా కడగకుండా కారు బానెట్ ఎత్తేవాడు. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట వాళ్ల ఊరు. బండి మొరాయిస్తే అక్కడ అందరూ మెకానిక్‌ను పిలిపించుకునేవాళ్లే. ఇతను మాత్రం తన కారు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఫోన్లో వీడియో పెట్టుకుని, స్పానర్లు గోనెసంచి మీద పరుచుకుని కూర్చునేవాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని అతని భార్య అక్సా ఆ జోలికి పోవడం ఎప్పుడో మానేసింది.

ఈసారి ఆయిల్ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ విప్పి శుభ్రం చేసి బిగించాడు. తీరా తాళం తిప్పేసరికి స్పీడు మీటరు పక్కన ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. ఇక ఆరితే ఒట్టు.

సోమవారం నుంచి అడవి లోపలి బడికి ఇద్దరు పంతులమ్మలను రోజూ తీసుకెళ్లే కిరాయి కుదిరింది. ఆ దారిలో సిగ్నల్ ఉండదు, పిలిస్తే పలికే మనిషీ ఉండడు. దీపం ఆరితేనే కారు ఎక్కుతామని వాళ్లు తెగేసి చెప్పారు. ఈ కిరాయి కూడా చేజారితే కారు వాకిట్లో కోళ్లు పొదగడానికే మిగులుతుంది.

తప్పేమిటో చెప్పే చిన్న మిషన్ తెప్పించి కారుకు తగిలించాడు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని ఫోన్లో చూపించింది. పెట్రోలు పైపు విప్పి చూశాడు, నిక్షేపంలా ఉంది. ఇంజెక్టర్లు కడిగాడు. ఫోన్‌తో దీపం ఆర్పితే ఊరి పొలిమేర దాటకముందే మళ్లీ వెలిగింది. ఒళ్లు మండి బ్యాటరీ వైరు పీకిపారేశాడు. ఆ మర్నాటికి దీపం కారు దిగిపోయింది.

మొదట వంటింట్లో కుక్కర్ మూత మీద కనిపించింది, అదే పసుపు, అదే ఇంజన్ బొమ్మ. అక్సా స్టవ్ కట్టేసి మూత తీసి చూస్తే లోపలి రబ్బరు చీలి ఉంది.

"ఏమయ్యా, నీ దీపం వంటింట్లకొచ్చింది. తీస్కపో" అని కేకేసింది.

అతను వచ్చేలోపే అది వెళ్లిపోయింది. కాసేపటికి ఎదురింటి జంపక్క గుమ్మంలోకి వచ్చింది.

"రాజన్నా, మీ దీపం మా మోటరు మీద కూసుంది. చూస్తే వైరు కాలింది. మీది రాకముందు మంచిగనే నడిచింది మోటరు."

"నేనేం జేసిన జంపక్కా?"

"దాన్ని ఇంట్ల కట్టేసుకోవాలె గద."

సాయంత్రం ట్రాక్టర్, జీపు రెండూ ఉన్న లాల్‌సింగ్ వచ్చాడు. అతని ట్రాక్టర్ బ్రేకు దగ్గర వెలుగుతోందట. చేలో పడ్డ దూడను తోలుకుపొమ్మన్నట్టు చెప్పి వెళ్లాడు. షాలేమ్‌రాజు వెళ్లేసరికి బ్రేకు ఆయిల్ కారుతూ కనిపించింది గాని దీపం లేదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఊరందరి రోగాలు చెప్తది. నా కారుకేమైందో మాత్రం చెప్పదు" అని ఇంటికొచ్చి స్పానర్ విసిరికొట్టాడు.

కారులో దీపం లేకపోయినా మిషన్ మాత్రం అదే తప్పు చూపిస్తోంది. శనివారం మళ్లీ మొదటినుంచీ అన్నీ విప్పాడు. అక్సా ఫిల్టర్ చేతిలోకి తీసుకుంది. వేళ్లు జిడ్డయ్యాయి.

"దీనికి నూనె ఎందుకు పెట్టినవ్?"

"నాయిన ట్రాక్టర్‌కు పోసేటోడు. గాలి నూనె మీదికెల్లి పోతేనే దుమ్ము ఆగుతది."

"ఇది ట్రాక్టరా?"

షాలేమ్‌రాజు ఫిల్టర్ అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. ట్రాక్టర్ ఫిల్టర్ కింద నూనె గిన్నె ఉంటుంది. కారుది ఉత్త కాగితం. దానికి పట్టించిన నూనె లోపలికి పీల్చుకుపోయి, గాలిని కొలిచే సెన్సర్ మీద పేరుకుంది. ఆ జిడ్డుతో దానికి లెక్క తెలియక, వచ్చే గాలిని తక్కువగా చెబుతోంది, ఆ లెక్కకే పెట్రోలూ తక్కువ వస్తోంది. నాయిన మీద కోపం వచ్చింది, అంతకంటే తన మీద వచ్చింది. సెన్సర్ కడిగి, కొత్త ఫిల్టర్ వేశాడు. పొలిమేర దాటి రెండుసార్లు తిరిగొచ్చినా మిషన్ ఏ తప్పూ చూపించలేదు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అక్సా మంచినీళ్లు తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అతని తెల్లచొక్కా ఎడమ జేబు మీద దీపం వెలుగుతోంది.

అతను చేత్తో దులుపుకున్నాడు. పోలేదు.

"ఏం లేదే. పొద్దట్నుంచి ఛాతిల జర మంట, గంతే. సోడా తాగితే పోతది."

"తాళం ఇయ్యి" అంది అక్సా. డ్రైవింగ్ ఆమె పుట్టింట్లోనే నేర్చుకుంది. కానీ ఈ కారు స్టీరింగ్ ఎన్నడూ ముట్టనివ్వలేదు అతను.

"రేపటి కిరాయి?"

"లాల్‌సింగ్ జీపుల పోతరు."

వాదిద్దామని నోరు తెరిచాడు. అప్పటికే జంపక్క వచ్చి కారు ఎడమ తలుపు తీసి పట్టుకుంది. అతని చేతికి చెమట పట్టి తాళం జారింది. అక్సా వంగి తీసుకుంది.

కొత్తగూడెం దవాఖానాలో బల్ల మీద పడుకోబెట్టి చొక్కా విప్పారు. దీపం చర్మం మీదే ఉంది. డాక్టరు దాని చుట్టూ వైర్లు అంటించి తెర వైపు చూశాడు.

"మంచి టైమ్‌కు తెచ్చినవమ్మా. ఇంటికాడనే ఉంటే దక్కేటోడు కాదు" అని, నర్సును సూది తెమ్మన్నాడు.

ఆ గీతలేమిటో, ఏ వైరు ఎందుకో అడుగుదామని షాలేమ్‌రాజు తల ఎత్తబోయాడు. అక్సా అతని నుదుటి మీద చెయ్యి వేసి వెనక్కి ఆనించింది. అతనికి భయం వేసింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, వాళ్ల పని వాళ్లను చేసుకోనిచ్చాడు.