వెనక నుంచి రైట్

హారన్ అసలు పేరు జట్టులో ఎవరికీ గుర్తు లేదు. పోటీలవాళ్లు మెడలో వేసిన బిళ్ల మీద ఆ పేరు అచ్చయి ఉండేది గానీ, ఆ పిల్ల ఒకసారి నోరు విప్పాక బిళ్ల చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వాళ్లమ్మ సిటీ బస్సులో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి, ముందున్న డ్రైవరుకి వినపడేలా అరవడం ఆమె ఉద్యోగంలో సగం. ఆ గొంతు ఏమాత్రం తగ్గకుండా కూతురికి వచ్చింది.

ముందు కూర్చుని బండి నడిపే పిల్ల హారన్‌కి మేనమామ కూతురు. ఏడాది పెద్దది కాబట్టి వదిన. హారన్ పొద్దస్తమానం వదినా వదినా అని పిలిచి పిలిచి చివరికి ఆమెని జట్టంతటికీ వదినని చేసేసింది. ఒకసారి అందరి ముందూ మేనేజరు గారే 'వదిన ఎక్కడ?' అని అడిగి నాలుక కరుచుకున్నారు. ఆయనకి రిటైరు కావడానికి ఆట్టే కాలం లేదు.

ఇద్దరూ పుట్టి పెరిగిన ఊళ్లో మంచు ఫ్రిజ్జులో తప్ప ఇంకెక్కడా కనపడదు. అలాంటి ఊరి పిల్లలు మంచు కాలువలో బండి తోలే ప్రపంచ జూనియర్ పోటీలకి వచ్చారంటే అది బస్సు డిపో పుణ్యం. పొద్దున బస్సులన్నీ బయటికి పోయాక, వాటిని కడిగే సిమెంటు వాలు ఖాళీగా ఉండేది. డిపో మెకానిక్కులు పాత సీట్ల ఇనప చట్రానికి చక్రాలు బిగించి ఒక బండి చేసిపెట్టారు. ఇద్దరూ దాన్ని నెట్టుకుంటూ పరుగెత్తాలి. ముందు వదిన దూకి కూర్చోవాలి, ఆ తర్వాత వెనక నుంచి హారన్ దూకాలి. మంచు కాలువలో తోలే అసలు బండి, బాబ్‌స్లెడ్‌కీ అదే పద్ధతి. కాకపోతే చక్రాల బదులు ఉక్కు పట్టీలుంటాయి, సిమెంటు బదులు మంచుగడ్డ ఉంటుంది, తేడా వస్తే మోకాలి బదులు మెడ పోతుంది.

బండి ఎప్పుడు కదలాలో ఎవరు చెప్పాలన్న ప్రశ్నే వాళ్లకి రాలేదు. వదిన వాళ్ల నాన్న, హారన్ వాళ్లమ్మ ఒకే బస్సు మీద పనిచేసే అన్నాచెల్లెళ్లు. వెనక నుంచి చెల్లెలు 'రైట్' అంటే తప్ప ఆ అన్న గేరు మీద చెయ్యి వెయ్యడు. అద్దంలో అంతా కనపడుతున్నా వెయ్యడు. పిల్లలు అదే పట్టుకున్నారు. హారన్ మొదటి రైట్ అనగానే ఇద్దరూ నెట్టడం మొదలుపెట్టేవారు. తను కూడా దూకి కూర్చున్నాక హారన్ రెండో రైట్ అనేది. ఎక్కేశాను, ఇక వెనక్కి చూడకుండా పోనీ అని దానర్థం. అది చెవినపడేదాకా వదిన ప్రాణం కుదుటపడేది కాదు. పడ్డాక మాత్రం ఆకాశం ఊడిపడినా తల తిప్పేది కాదు.

ఈ చలిదేశంలో మన మంచు ఆటల సంఘంవాళ్లు కుదిర్చిపెట్టిన కోచ్ మొదటి రోజే ఆ అరుపు విని బిత్తరపోయాడు. మొదటి మలుపు ఎడమకి ఉంటే ఈ పిల్ల కుడి కుడి అని అరుస్తుందేమిటని మేనేజరుని నిలదీశాడు. పిల్లలిద్దరూ తెల్లమొహాలు వేశారు. ఇంగ్లీషులో కుడిని రైట్ అంటారని బళ్లో చదువుకున్నారు, బస్సులో రైట్ అంటే పోనీ అని పుట్టినప్పటి నుంచీ తెలుసు, కానీ ఆ రెండూ ఒకే మాటన్న సంగతి వాళ్లకి ఎన్నడూ తట్టలేదు. చుట్టుపక్కల జట్లవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. ఇది బస్సు కాదన్నాడు కోచ్. అందరిలాగా అంకెలు లెక్కపెట్టుకుని కదలమన్నాడు, ఎక్కాక నోరు మూసుకోమన్నాడు. హారన్ సిగ్గుతో చచ్చిపోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది.

దాని ఫలితం మొదటి పరుగులోనే తెలిసింది. లెక్కపెట్టారు, నెట్టారు, వదిన దూకింది. ఆ తర్వాత వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. బండి జోరందుకుంటోంది, మలుపు మీదికి వస్తోంది, వదినకి మాత్రం చెవులు వెనకే ఉండిపోయాయి. ఒక్క రెప్పపాటు తల తిప్పి చూసింది. బండి గోడెక్కి తిరగబడింది. మిగిలిన కాలువంతా ఇద్దరూ హెల్మెట్లు మంచుకి రాసుకుంటూ, తలకిందులుగా జారుకుంటూ వచ్చి అలాగే గీత దాటారు. ఎలా దాటినా ఇద్దరూ బండిలోనే ఉంటే పరుగు చెల్లుతుందని రూలు. చెల్లింది, అందరికంటే చివర. దెబ్బలు పెద్దగా తగల్లేదు. మర్నాడు ఉన్న రెండో పరుగు వాళ్లకి మిగిలింది.

సాయంత్రానికల్లా తలకిందుల బండి వీడియో లోకమంతా తిరిగింది. ఎవరో దానికి బస్సు హారన్ చప్పుడు అతికించారట, ఇంకెవరో టికెట్ టికెట్ అనే అరుపు కలిపారట. మన దేశం నుంచి సంఘం పెద్దలు మేనేజరు గారి ఫోను మోగించి మోగించి వేడెక్కించారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఈ జట్టుని ఇక్కడిదాకా తెచ్చింది ఆయనే. కానీ పెద్దల గొంతు వినపడితే చాలు, ఆయన వెన్నెముక కాస్త వంగిపోతుంది.

పిల్లల గదిలో హీటరు మీద నాలుగు మేజోళ్లు ఆరుతున్నాయి. వదిన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మేనేజరు గారు తలుపు దగ్గరే నిలబడి, గొంతు సవరించుకుని, నీళ్లు నమిలారు.

"పొద్దున డాక్టరు మళ్లీ చూస్తాడు కదమ్మా. కాస్త తల తిరుగుతోందని చెప్పండి. అంతే, ఇంకేం అడగరు. గౌరవంగా తప్పుకున్నట్టు ఉంటుంది."

"నాకు తల తిరగట్లేదు సార్," అంది హారన్.

"నీకు కాదు, వదినకి." మళ్లీ నాలుక కరుచుకున్నారు. "ఇంకోసారి పడితే ఏంటి పరిస్థితి? ఇప్పటికే నవ్వులపాలయ్యాం."

"ఇప్పుడు మానేస్తే ఆ నవ్వే మిగిలిపోద్ది సార్. మమ్మల్ని ఎప్పుడు తలుచుకున్నా తలకిందులుగానే తలుచుకుంటారు. నేను తలకిందులుగా ఇంటికి రాను."

ఆయన వదిన వైపు చూశారు. బండి నడిపేది ఆమె, ఆమె కాదంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. వదిన గోడ మీది నుంచి చూపు తిప్పలేదు. పొద్దున చెప్పమని ఆయన వెళ్లిపోయారు.

హారన్‌కి ఒళ్లు మండిపోయింది. పెద్దల మీద, కోచ్ మీద, నవ్వినవాళ్ల మీద, అందరికంటే ఎక్కువగా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న ఈ వదిన మీద. మంచం ఎక్కి ఎదురుగా కూర్చుని, అసలు వెనక్కి ఎందుకు చూశావని అడిగేసింది. అడగకూడదని పొద్దున్నించీ అనుకుంటున్న ప్రశ్నే అది.

వదిన దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది.

"నువ్వు ఎక్కలేదేమో అనుకున్నానే," అంది చివరికి. "రైట్ వినపళ్లేదు. బండి పోతే పోయింది, నిన్ను అక్కడ మంచు మీద వదిలేసి నేనొక్కదాన్నే పోతున్నానేమో అనిపించింది. అత్తకి ఏం చెప్పను అనిపించింది."

హారన్ కోపం ఎక్కడిదక్కడే చల్లారిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఊళ్లో వాలు మీద బండి నెట్టిన ప్రతిసారీ అరిచిన అరుపుని, ఎవరో నవ్వారని తనే మింగేసింది. నవ్వినవాళ్లకేం, వాళ్లు ఎన్ని మాటలైనా అంటారు. చీకట్లోకి, చలిలోకి దూకే మనిషికి వెనక తోడుందని చెప్పాల్సింది తను ఒక్కర్తే.

"రేపు అరుస్తాను," అంది. "కోచ్ కాదు కదా, వాళ్ల దేశం మొత్తం వచ్చి నిలబడినా అరుస్తాను. నడుపుతావా లేదా చెప్పు."

"అరిస్తే నడుపుతాను," అంది వదిన.

పొద్దున డాక్టరు తల తిరుగుతోందా అని అడిగితే వదిన లేదంది. కళ్లు మసకగా ఉన్నాయా అంటే లేదంది. మేనేజరు గారు గుమ్మంలో నిలబడి దగ్గారు. మెడ నొప్పి ఉందా అని అడిగితే, ఉంటే ముందు మీకే చెప్తానంది. డాక్టరు వెళ్లొచ్చని చెయ్యి ఊపాడు. మేనేజరు గారు ఇద్దరినీ ఎగాదిగా చూసి దారి వదిలారు.

కాలువ మొదట్లో గాలి చెంపలు కోస్తోంది. చుట్టూ ఉన్న జట్ల పిల్లలు వీళ్లని చూసి మోచేతులతో పొడుచుకున్నారు. ఒకడు ఏకంగా బస్సు స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులాడించాడు. కోచ్ దగ్గరికి వచ్చి, వేళ్లు ఒక్కొక్కటే చూపించి, అంకెలు మర్చిపోవద్దన్నట్టు సైగ చేశాడు. హారన్ బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం వెనక ఏముందో వాళ్లమ్మ చూసి ఉంటే వెంటనే పట్టేసేది.

పచ్చ దీపం వెలిగింది. వదిన పక్క పిడి పట్టుకుంది, హారన్ వెనక పిడుల మీద వంగింది. కోచ్ నోటితో అంకెలు మొదలుపెట్టబోయాడు.

"రైట్!"

ఆ అరుపుకి కాలువ పక్కన నిలబడ్డ అధికారి చేతిలోని కాఫీ ఒలికింది. ఇద్దరూ నెట్టారు. డిపో వాలు మీద నెట్టినట్టే, కాళ్లు విరిగినా సరే అన్నట్టు నెట్టారు. వదిన దూకింది. హారన్ ఇంకా పరుగెత్తింది, దూకింది, కూర్చుంది, గుండెల్లో ఉన్న గాలంతా కూడగట్టుకుంది.

"రైట్!"

వదిన తల తిప్పలేదు. మొదటి మలుపు ఎడమకి తిరిగింది, బండీ ఎడమకి తిరిగింది. ఆ తర్వాత హారన్‌కి ఏమీ కనపడలేదు. తల మోకాళ్లలో పెట్టుకుని ఒక్కొక్క మలుపునీ వీపుతో లెక్కపెట్టుకుంది. గోడెక్కిన ప్రతిసారీ బండి దిగింది. వదిన చేతులు ఎంత నిబ్బరంగా ఉన్నాయో వెనక కూర్చున్నదానికి తెలుస్తుంది, చూడక్కర్లేదు. ఒకచోట అంచుకి రాసుకుని దడదడలాడింది, సర్దుకుంది, మళ్లీ దూకింది. కింద గీత దాటుతుంటే జనం గోల వినపడింది. హారన్ బ్రేకులు గుంజి, బస్సు ఆపించేటప్పుడు వాళ్లమ్మ అరిచినట్టే 'హోల్డాన్' అని అరిచింది. వదిన లోపల పగలబడి నవ్వుతోంది.

మొత్తం మీద చివరి స్థానమే. ఆ పరుగులోనూ చివరే, వాళ్ల ముందున్న బండిని అందుకోవడం కొద్దిలో తప్పింది. కానీ తలలు పైన, కాళ్లు కింద ఉన్నాయి.

కోచ్ ఆయాసపడుతూ కిందికి వచ్చాడు. ఆయనకి సంతోషమో కోపమో మొహం చూస్తే తెలియలేదు. ఎవరినడిగి ఆ మాట అన్నారో చెప్పమన్నాడు. మేనేజరు గారు తెలుగులో అడిగారు.

హారన్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది.

"మా బస్సులో రైట్ చెప్పేది వెనకున్నవాళ్లు సార్. వెనకున్నవాళ్లు రైట్ అంటేనే బండి కదిలేది. ఆయనకి అలాగే చెప్పండి."

మేనేజరు గారు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి 'రైట్' దగ్గర ఆగిపోయారు. ఆ మాటని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో ఆయనకి తోచలేదు. జేబులో ఫోను మోగుతోంది. తీసి చూసి, ఎత్తి, "లేదండీ, పిల్లలకి తల తిరగలేదు," అని పెట్టేశారు. ఆ రెండు ముక్కలు చెప్పేటప్పుడు నిటారుగా నిలబడ్డారు.

బండ్లని మళ్లీ షెడ్డుకి చేర్చే లారీ వచ్చి ఆగింది. ఇద్దరూ తమ బండిని ఎత్తి అందులో పెట్టి, వెనక చెక్క మీద ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు ఆ ఊరి మనిషి, పెద్ద మీసాలాయన, వీళ్ల భాష ఒక్క ముక్క రాదు. అద్దంలోంచి వెనక్కి చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

హారన్ లారీ రేకు మీద అరచేత్తో చరిచింది.

"రైట్ రైట్!"

లారీ కదిలింది.