షాపులో చెప్పినదంతా

ఇస్త్రీ పిన్ని మెట్లెక్కి వచ్చేసరికి పై వాటా బాలింత బాత్రూం గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర పిల్లాడి గుడ్డలు నానబెట్టిన బకెట్టు. వంగితే పొత్తికడుపు మీది కుట్టు చురుక్కుమంటోంది. వంగకపోతే బకెట్టు తనంతట తాను నడిచి రాదు.

పిన్ని అంటే అసలు పిన్నేమీ కాదు. కింద వాటాలో ఉండి వీధిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసే మనిషి. చేతిలోని మూట మంచం మీద దించి, ఆయాసపడుతూనే మొదలుపెట్టింది.

"అదృష్టమంటే నీదేనమ్మా! నిన్న మీ ఆయన షాపుకి తలనొప్పి మాత్ర కోసం వెళ్లాను. గుడ్డలన్నీ ఆయనే ఉతుకుతాడటగా? వేడినీళ్లు మంచం దగ్గరికే తెచ్చిస్తాడట. 'బాలింతని నేనైతే కాలు కింద పెట్టనివ్వనమ్మా' అని చెబుతుంటే ఆడవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టుకుని వింటున్నారు. నా తలనొప్పి సంగతి నేనే మర్చిపోయా..."

అంటూ అంటూ బకెట్టు చూసింది. తర్వాత ఆమె మొహం చూసింది.

"మరి ఇదేంటే?"

"గుడ్డలు పిన్నీ. ఆయన ఉతికేశారన్న సంగతి వాటికింకా తెలీదు పాపం."

పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని చూస్తే ఒళ్లు కాలిపోతోంది. మంచం మీద కూర్చోబెట్టి, ఏమైందో చెప్పమంది. ఆమె చెప్పింది. కుట్టు దగ్గర చీము పట్టింది. మాత్రలు మానకుండా వాడాలనీ, బరువులు ఎత్తకూడదనీ నర్సమ్మ గట్టిగా చెప్పింది. కుట్టు విడిపోతే మళ్లీ ఆసుపత్రిలో పడుకోవాల్సిందేనట. అప్పుడు పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? తల్లి పోయి చాలా కాలమైంది. తోడబుట్టినవాళ్లు లేరు. ఇక మొగుడు. వీధి చివర మందుల షాపు ఆయనదే. నేల నుంచి పైకప్పు దాకా మాత్రలే. మొన్న తెమ్మంటే మర్చిపోయాడు. నిన్నా మర్చిపోయాడు.

"మర్చిపోయాడా? కూర్చునేదే వాటి మధ్య కదే!"

"షాపు నిండా జనమట పిన్నీ. ఊపిరాడలేదన్నారు."

ఆ మాట అంటూనే ఆమె ఆగిపోయింది. ఆ జనం ఎందుకు మూగారో, తన మొగుడికి ఊపిరాడనంత పని ఏమిటో ఇప్పుడు తెలిసింది. తను జ్వరంతో వణుకుతూ గుడ్డలు పిండుతున్న గంటలో, ఆయన అవే గుడ్డలు తను పిండుతున్నట్టు కథ చెబుతున్నాడు.  

"సాయంత్రం రానీ," అంది పిన్ని. "ఇస్త్రీపెట్టె కాల్చి పెడతాను."

"వద్దు. ఇంట్లో అరిస్తే నాలుగు గోడలు వింటాయి, అంతే. ఆయన పరువంతా షాపులో ఉంది. అక్కడ పట్టుకోవాలి."

"అందరి ముందూ దులిపేస్తావా?"

"దులపను. పొగుడుతాను."

పిన్నికి అర్థం కాలేదు. అయినా కొంగు బిగించి బకెట్టు తీసుకుంది. గుడ్డలు ఉతికి ఆరేసి, షాపుకి వెళ్లి మాత్రలు పట్టుకొచ్చి, దగ్గరుండి మింగించింది.

జ్వరం దిగాక, ఒక సాయంత్రం, షాపు కిటకిటలాడే వేళ చూసుకుని ఆమె బయల్దేరింది. పిల్లాణ్ణి పిన్ని ఎత్తుకుంది. పిన్ని భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

మందుల షాపాయన తెల్ల కోటు వేసుకుని గాజు బల్ల వెనక నిలబడి ఉపన్యాసంలో ఉన్నాడు. ఎదురుగా బ్యూటీపార్లర్ అమ్మాయి, నిండు నెలలతో. పక్కన ఆ అమ్మాయి మొగుడు తల వంచుకుని నిలబడ్డాడు.

"విన్నావా?" అంటోంది ఆ అమ్మాయి. "ఆ చెవులు కళ్లజోడు పెట్టుకోడానికే అనుకోకు. అన్నని చూసి నేర్చుకో."

బాలింత మెల్లగా లోపలికి వచ్చి బీపీ చూసే స్టూలు మీద కూర్చుంది. అందరూ చుట్టూ చేరారు. ఎలా ఉన్నావు, పిల్లాడు ఎవరి పోలిక అని అడిగారు. ఆయన పుణ్యమా అని హాయిగా ఉన్నానని చెప్పింది.

"ఆయన మీకు చెప్పింది చాలా తక్కువండీ. మా ఆయనకి గొప్పలు చెప్పుకోవడం చేతకాదు."

మందుల షాపాయన గాల్లో తేలిపోయాడు. ఆ తేలడం చూసి ఆమె పిన్ని చేతుల్లోంచి పిల్లాణ్ణీ, ఒక పొడిగుడ్డనీ తీసుకుని బల్ల మీదుగా అందించింది.

"వీడు తడిపేశాడండీ. రోజూ మీరేగా మార్చేది? ఒక్కసారి చూపించండి. ఈ తమ్ముడు చూసి నేర్చుకుంటాడు."

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. పిల్లాణ్ణి గాజు బల్ల మీద, కింద అరలోని దగ్గు మందు సీసాలకి సరిగ్గా పైన పడుకోబెట్టాడు. పొడిగుడ్డని మందు పొట్లం కట్టినట్టు నాలుగు వైపులా మడిచాడు. ఒక కాలు లోపల పెడితే రెండోది బయటికి వచ్చింది. రెండోది సర్దుతుంటే పిల్లాడు మొదటిది కూడా ఊడదీసుకుని, తెల్ల కోటు మీదికి సూటిగా ధార కొట్టాడు. షాపు గొల్లుమంది.

"అదేంటన్నా, రోజూ చేస్తానన్నావుగా?" అంది బ్యూటీపార్లర్ అమ్మాయి.

నవ్వులు ఆగాయి. అందరూ బాలింత వైపు చూశారు. ఆయనా చూశాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చాలు, ఆయన ఆ బల్ల వెనక మళ్లీ తలెత్తుకోలేడు. ఆ సంగతి ఆయన కళ్లకీ తెలుసు. చెప్పొద్దని బతిమాలుతున్నాయి. ఆ చూపుని ఆమె తీరిగ్గా, వేడి టీ తాగినట్టు కొద్దికొద్దిగా తాగింది.

"మీరంతా చూస్తుంటే సిగ్గుపడుతున్నారు," అంది చివరికి. "ఇంటికి రండి. పొద్దున గుడ్డలు ఉతుకుతారు. సాయంత్రం పిల్లాడికి స్నానం. ఎవరైనా రావచ్చు. చెప్పి రానక్కర్లేదు."

ఇంటికొచ్చాక ఆయన తడి కోటు విప్పుతూ అన్నాడు, "నన్ను కాపాడావు."

"కాపాడలేదు. పరువు ఒక్కసారి తీస్తే రెండ్రోజులు ఏడ్చి మర్చిపోతారు. నాకది సరిపోదు."

"మరేం కావాలి?"

"షాపులో చెప్పినదంతా. ఒక్కటీ తగ్గకూడదు."

"నాకు రాదే బాబూ!"

"నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? పిన్ని నేర్పుతుంది. చెయ్యకపోతే వెళ్లి అదే స్టూలు మీద కూర్చుని నిజం చెబుతాను."

మర్నాటి నుంచి పిన్ని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఏం బాబూ, గుడ్డలు ఉతుకుతున్నావా, బుజ్జగిస్తున్నావా?" అనేది. ఆయన ఇంకా గట్టిగా ఉతికేవాడు. మెట్ల మీద చప్పుడైతే చాలు, ఎక్కడున్నా ఉలిక్కిపడి బకెట్టు దగ్గరికి పరిగెత్తేవాడు. ఎవరు వస్తారో తెలియదు మరి. బ్యూటీపార్లర్ అమ్మాయి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మొగుణ్ణి నీళ్ల తొట్టి దగ్గర నిలబెట్టి, తను మంచం మీద కూర్చుని బాలింత జుట్టులో చిక్కులు విప్పింది. కాన్పయ్యాక ఆ తల మీద ఎవరైనా చెయ్యి వేయడం అదే మొదటిసారి. ఆమెకి ఏడుపొచ్చింది. గట్టిగా ఆపుకుంది. ఆయన చూస్తే కోపం తగ్గిందనుకుంటాడు. తగ్గలేదు. మంచం మీద దిండుకి ఆనుకుని, ఆయన నడుం పట్టుకుని లేవడం చూసిన ప్రతిసారీ ఆ రెండు రోజుల జ్వరం గుర్తొచ్చేది. ఇంకా వంగనీ అనుకునేది.

చివరికి కుట్టు ఎండింది. ఆసుపత్రిలో నర్సమ్మ చూసి, ఇంక భయం లేదు, మెల్లగా పనులు చేసుకోవచ్చంది. బయట నిలబడి విన్న మందుల షాపాయన, ఉతికిన గుడ్డ తాడు మీద వేసినంత హాయిగా ఊపిరి వదిలాడు. తిరిగొచ్చే దారంతా రేపటి నుంచి షాపు పెందలాడే తెరవాలని చెబుతూనే ఉన్నాడు. 

షాపు తెరవగానే ఆడవాళ్లు లోపలికొచ్చి చుట్టుముట్టారు. నర్సమ్మ ఏమందని అడిగారు.

"మానిపోయింది, పనులు చేసుకోమంది," అంది ఆమె. "మా ఆయనే ఒప్పుకోవట్లేదండీ. పిల్లాడు నడిచేదాకా గుడ్డలు నేనే ఉతుకుతానని మొండికేశారు."

అందరూ ఆయన వైపు తిరిగారు.  

"అవునమ్మా," అన్నాడు నీరసంగా. "నడిచేదాకా."

"అదేంటి బాబూ," అంది వెనక నుంచి పిన్ని. "నాతో పరిగెత్తేదాకా అన్నావుగా?"

ఆయన పిన్ని వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. ఆమె నవ్వుతూ ఆ బీపీ స్టూలు ముందుకు జరుపుకుంది.

"పరిగెత్తేదాకా," అన్నాడు.