చేతులు వెనక్కి పెట్టుకుని

పాల గిన్నె తోమి పక్కన బోర్లించి, అదే సింకులో భర్త బండి ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఉతుకుతోంది ఆమె. వారం రోజుల రాళ్ళ దుమ్మంతా నల్లటి నీళ్ళయి కారిపోతోంది. "అమ్మాయ్, ఆ కంపు బయట కడుక్కోకూడదుటే? పొద్దున కాఫీలో కూడా పెట్రోలు వాసనే!" అని అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బయట కుళాయి పాడయి నెలవుతోందనీ, దాన్ని బాగుచెయ్యాల్సింది కూడా తనేననీ ఆమె అనలేదు. అనీ అనీ విసుగు పుట్టింది. స్పాంజిని పిండి, కొత్త నూనె పట్టించబోతుంటే, సోఫాలోంచి భర్త గొంతు వినబడింది.

"ఈ ఆదివారం మాత్రం నువ్వు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలి."

స్పాంజి చేతిలోంచి జారి సింకులో పడింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా అనేశాడు ఆ మాట.

అసలు సంగతి తెలియకపోతే ఆ మాటలో ఏముందో ఎవరికీ అర్థం కాదు. ఆయనగారికి ట్రయల్స్ పిచ్చి. మోటార్ సైకిల్ పోటీయే గానీ, ఎవరు ముందొచ్చారన్న గోల అందులో లేదు. సీటు కూడా లేని తేలిక బండి మీద నిలబడి, కొండరాళ్ళ మీదుగా, వాగు బండల మీదుగా, అడ్డంగా పడేసిన దుంగల మీదుగా కాలు కింద పెట్టకుండా పోవాలి. పక్కన పరిశీలకుడు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తుంటాడు. కాలు నేలకి తగిలిందా, ఒక తప్పు. బండి పడిపోయినా, ఇంకెవరి చెయ్యయినా బండి మీద పడినా ఐదు తప్పులు. తప్పులు తక్కువున్నవాడిదే గెలుపు. నిటారుగా ఉన్న బండ ఎక్కేచోట మాత్రం కింద ఒక మనిషి నిలబడవచ్చు. నడిపేవాడు వెల్లకిలా పడితే, బండి వచ్చి వాడి మీద పడకుండా చూడడం ఆ మనిషి పని. ఆ మనిషికి చప్పట్లుండవు, ఫొటోల్లో మోచేతుల దాకానే ఉంటాడు. మిగతా వాళ్ళకి తమ్ముడో స్నేహితుడో నిలబడతాడు. ఈయనకి పెళ్ళాం నిలబడుతుంది.

నిలబడడంతో పోతే బాగానే ఉండును. పోటీ అయ్యాక బండి కడగడం ఎవరు? ఆమె. బ్రేకు ప్యాడ్లు మార్చడం, చైను బిగించడం, వంగిన క్లచ్ లీవరు తీసి కొత్తది వెయ్యడం అన్నీ ఆమే. టైర్లలో గాలి ఎంత ఉండాలో ఆమె బొటనవేలికి తెలుసు. మామూలు బండిలా గట్టిగా ఉంటే పనికిరాదు, నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి, అప్పుడే టైరు రాయిని కరుచుకుంటుంది. అన్నీ బిగించాక సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే ఎక్కి నడపక తప్పదు కాబట్టి, పెరట్లో పాత దుంగ మీదకీ ఇటుకల గుట్ట మీదకీ ఎక్కించి దింపేది. అది నడపడం అని ఆమె కూడా అనుకోలేదు. "మా ఆవిడకి స్పానర్లంటే సరదాలెండి," అని క్లబ్బులో ఆయన నవ్వుతూ చెప్పేవాడు. సరదా! కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిచేసి, నుంచుని నుంచుని కాళ్ళు పీకుతూ ఇంటికొచ్చి, వంట చేసి, అప్పుడు చైను బిగించడం సరదా! "ఆ గోళ్ళేంటమ్మా, కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారు?" అని దుకాణం యజమాని అందరి ముందూ అన్నరోజు కూడా ఆమె సబ్బు పెట్టి వేళ్ళు రుద్దుకుందే గానీ, ఆ గ్రీజు తనది కాదని చెప్పలేదు.

ఇక పోయిన ఆదివారం. చివరి బండ, ఆయన తప్పులు అందరికంటే తక్కువ, కప్పు చేతికి అందినట్టే. పైకి ఎక్కుతుండగా ముందు చక్రం గాల్లోకి లేచింది. ఆయన వెనక్కి పోయాడు, బండి ఆయన గుండెల మీదకి తిరగబడింది. ఆమె ఆలోచించలేదు, చేతులే ముందుకు దూకాయి. హ్యాండిల్ పట్టుకుని బండిని అవతలకి లాగిపారేశాయి. భుజం కలుక్కుమంది. బండి రాళ్ళలో పడింది, ఆయన మట్టిలో పడ్డాడు, ఒంటి మీద గీత పడలేదు. పరిశీలకుడు అయిదు వేళ్ళూ చూపించాడు. ఆయన లేచి దుమ్మైనా దులుపుకోకుండా, అంతమందిలో, "నిన్నెవరు పట్టుకోమన్నారు? నేను నిలబెట్టుకునేవాణ్ణి! నీ వల్లే కప్పు పోయింది!" అని అరిచాడు.

"బాబూ, అమ్మాయి లేకపోతే నిన్ను మంచం మీద మోసుకుపోయేవాళ్ళం," అని పరిశీలకుడు మెల్లగా అన్నాడు. ఆయన వినిపించుకుంటేగా! చిత్రమేమిటంటే, క్లబ్బులో కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది ఈ మహానుభావుడే. "బండి పోతే ఇంకోటొస్తుంది, మనిషి నడుం పోతే రాదు. కింద నిలబడ్డవాడు ముందు మనిషిని చూడాలి, బండిని తర్వాత" అని ఎంత బాగా చెప్తాడో! పెళ్ళైన కొత్తలో ఆ మాట విని, ఎంత మంచి మనసు అని ఆమె మురిసిపోయింది కూడా.

ఆ ఆదివారం నుంచీ ఆమెకు మనసు మనసులో లేదు. కోపం కాదు, కోపమైతే ఏదో ఒక గిన్నె మీద చూపించేది. నమ్మలేకపోతోంది, అంతే. అద్దాలు అరగదీస్తూ, చపాతీపిండి కలుపుతూ, ఆయన పాత మోకాలినొప్పికి మందు రాస్తూ కూడా అదే ఆలోచన. ఈయనకి తన నడుం కంటే కప్పే ఎక్కువా? లేకపోతే, నడుం సంగతి చూసుకోవడానికి ఇది ఉందిలే అన్న ధీమాతో కప్పు సంగతి మాత్రమే ఆలోచిస్తున్నాడా? ఇన్నేళ్ళూ తను కాపాడుతున్నకొద్దీ ఆయనకి పడడమంటే ఏమిటో తెలియకుండా పోయిందన్నమాట. తన భుజం ఎలా ఉందని మాత్రం ఈ వారంలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, చేతులు వెనక్కి పెట్టుకోమంటున్నాడు.

"పడుతుంటే చూస్తూ నిలబడనా?" అంది చివరికి.

"పడను. నువ్వు పట్టుకోకుండా ఉంటే చాలు. నీకు అలవాటు లేదు కాబట్టి శనివారం ప్రాక్టీసు చేద్దాం."

ఔరా, ఎంత మాట! పట్టుకోకుండా ఉండడానికి ప్రాక్టీసు!

శనివారం పాత రాతి క్వారీకి వెళ్ళారు. ఒక్కదాన్నీ ఇంట్లో ఉండలేనని అత్తగారు కూడా బయలుదేరి, కారు పక్కన మడత కుర్చీలో గొడుగు వేసుకుని కూర్చుంది. నిలువెత్తు బండ ముందు ఆయన ఆమెను నిలబెట్టి, రెండు చేతులూ పట్టుకుని వెనక్కి తిప్పి, వేళ్ళు వేళ్ళలో దూర్చి, "ఇలా. నేను జారినా, ఏమైనా, కదలకు" అన్నాడు.

"అదేం చోద్యంరా, పడితే పట్టుకోవద్దని నేర్పడం!" అంది అత్తగారు.

"నీకు తెలీదులే అమ్మా, నువ్వూరుకో."

ఆయన ఎక్కాడు. సగంలో వెనక చక్రం జారింది. ఆమె చేతులు ఎప్పుడు విడిపోయాయో ఆమెకే తెలియదు, హ్యాండిల్ మీద ఉన్నాయి. "మళ్ళీ!" అన్నాడు. మళ్ళీ అదే. మూడోసారి వేళ్ళు తెల్లబడేలా బిగించుకుంది, అయినా చేతులు ఆగలేదు. ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి, "బుర్రుందా నీకు? ఇంత చిన్న సంగతి చేతకాదా? కింద నిలబడేవాళ్ళకి పైన ఏం జరుగుతోందో ఏం తెలుస్తుందిలే! నువ్వెక్కి చూడు, అప్పుడు తెలుస్తుంది!" అన్నాడు.

ఆమె చెయ్యి చాచింది. "హెల్మెట్ ఇలా ఇవ్వండి."

ఆయన ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఇచ్చాడు. ఆమె చున్నీ తీసి అత్తగారి ఒళ్ళో పెట్టి, ప్యాంటు మడమల దగ్గర బిగించుకుని బండి ఎక్కి నిలబడింది. "మీరు కింద నిలబడండి. చేతులు వెనక్కి పెట్టుకోనక్కర్లేదు," అని కిక్ కొట్టింది.

ఈ క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఆమెకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఒక్క వేలితో లీవరు నొక్కి, కొంచెం కొంచెంగా వదులుతుంటే బండి బండనెక్కసాగింది. మోకాళ్ళు వంచి బరువు ముందుకి వేసింది. టైరు రాయిని కరుచుకుంది. ఆ గాలి తను పెట్టిందే. అంచు కళ్ళముందుకొచ్చింది, అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు, ఆమెకు అమాంతం నవ్వొచ్చింది. ఆ సంతోషంలోనే వేలు పిసరంత ఎక్కువ వదిలింది. ముందు చక్రం లేచింది. పట్టు తప్పి వెనక్కి పోతున్న ఆ క్షణంలో ఆమె అనుకున్నది ఒక్కటే. ఏం ఫరవాలేదు, కింద ఆయనున్నాడు.

బండి ఒక పక్కకి, ఆమె ఒక పక్కకి. వీపూ మోచెయ్యీ కంకరరాళ్ళకి ఒకేసారి కొట్టుకున్నాయి. ఊపిరి కాసేపు అందలేదు. కళ్ళు తెరిచి చూసేసరికి, రెండడుగుల అవతల ఆయన బండిని రెండు చేతులా కావలించుకుని, గుండెలకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"హమ్మయ్య," అన్నాడు రొప్పుతూ. "భయపడకు. బండికేం కాలేదు."

అత్తగారి గొడుగు ఎగిరి ఎక్కడో పడింది. "ఒరేయ్! అది కింద పడుందిరా! పెళ్ళాం కింద పడుందిరా, గుడ్డి సన్నాసీ!" అని అరుస్తూ ఆవిడ నడుం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

ఆయన అప్పుడు చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది ముఖం. "అదీ... కావాలని కాదే. చెయ్యి దానంతటదే అటు పోయింది," అన్నాడు. ఇంకా బండిని వదల్లేదు, స్టాండు ఎక్కడుందో కాలితో వెతుకుతున్నాడు.

ఆమె అలా వెల్లకిలా పడుకునే ఆయన మాట నమ్మింది. నిజమే, కావాలని కాదు. తన చేతులు కూడా కావాలని పోలేదు, మూడుసార్లు వద్దన్నా పోయాయి. కావాలని చేస్తే బతిమాలుకోవచ్చు, దెబ్బలాడవచ్చు. దానంతటదే పోయిన చేతికి ఏం చెప్పగలరు ఎవరైనా? ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళ కాపురం మీద ఎవరో చల్లటి నీళ్ళు కుమ్మరించినట్టు ఒళ్ళంతా తేటగా మేలుకుంది.

అత్తగారు సీసా నీళ్ళతో మోచేతి రక్తం కడుగుతూ, కొడుకుని నానామాటలూ అంటూ, తన చీర కొంగుతోనే తుడిచింది. ఆ కొంగుకి గ్రీజు అంటుకుంది, ఆవిడ పట్టించుకోలేదు. "పద తల్లీ, ఇంటికి పోదాం" అంది.

"ఉండండి అత్తయ్యా."

ఆమె లేచి, కుంటుకుంటూ వెళ్ళి, ఆయన చేతుల్లోంచి బండి తీసుకుంది. క్లచ్ నొక్కి చూసింది, లీవరు కొంచెం పక్కకి తిరిగితే అరచేత్తో కొట్టి సరిచేసింది. బండిని మళ్ళీ బండ కిందకి నడిపించింది. ఆయన గబగబా వచ్చి, ఈసారి రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు.

"మీరు తప్పుకోండి," అంది.

"పడతావే!"

"తప్పుకోండి."

ఆయన పక్కకి జరిగాడు. ఆమె ఎక్కింది. అంచు దగ్గర నవ్వు రాలేదు, వేలు కదలలేదు. ముందు చక్రం అంచు దాటింది, దాని వెనకే రెండోది. కాలు ఒక్కసారి కూడా కింద పెట్టకుండా పైకి చేరి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసింది. కింద అత్తగారు ముక్కున వేలేసుకుని చూస్తోంది. ఆయన తలెత్తి చూస్తున్నాడు. ఆమె ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు.

"రేపు మధ్యాహ్నం కొత్తవాళ్ళ పోటీ ఉంది," అంది ఆమె పైనుంచి. "నేను దిగుతున్నాను. మీ పోటీలో మాత్రం కింద నేను నిలబడను."

ఆయన గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "రేపంటే రేపేనా? ఇప్పటికిప్పుడు ఎవరొస్తారే? మరి నేను పడితే?"

మోచేతి మీద మళ్ళీ ఊరిన రక్తాన్ని ఆమె బొటనవేలితో తుడుచుకుంది.

"భయపడకండి," అంది. "బండికేం కాదు."