పెద్దకోడలు తీసేసిన గట్టు

గట్లు చదును చేయాలి. హద్దురాళ్లు పీకాలి. ముళ్లకంచె నరికెయ్యాలి. ట్రాక్టరు మాట్లాడాలి. బావిలో పూడిక తీయాలి. కూరగాయల నారు పోయాలి.

ఉమ్మడి సాగు మొదలుపెట్టడానికి పెద్దకోడలి మరిది చదివిన పనులివి. చిన్నచిన్న ముక్కలన్నీ కలిపితే ట్రాక్టరు తిరుగుతుంది, కూరగాయలు లారీకెత్తి పట్నంలోనే అమ్ముకోవచ్చు, కూలి కోసం ఊళ్లు పట్టుకు పోనక్కర్లేదు అన్నాడు. మాట బాగానే ఉంది. గట్టు దగ్గరికొచ్చేసరికే అందరూ వెనకాముందాడారు.

“గట్టు తీసేస్తే మా ఆవిడ ఎక్కడ నిలబడి పోట్లాడాలి?” అన్నాడు పక్కచేను దర్జీ. నవ్వారు గాని ఒక్కరూ పార పట్టలేదు.

పట్టింది పెద్దకోడలే. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం, బావి ఉన్న ఆ ముక్క ఒక్కటే. కాగితాలింకా మామగారి పేరనే ఉన్నాయి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని మధ్యలో గట్టు వేసుకున్నారంతే. ఆ గట్టునే కొంగు బిగించి నేలమట్టం చేసింది.

“నాకు లేని భయం మీకెందుకయ్యా?”

దాంతో మిగతావాళ్లూ సిగ్గుపడి పారలందుకున్నారు.

పంట విరగకాసింది. మరిదికి నలుగురిలో పేరొచ్చింది. కోతలయ్యాక ఒక ఉదయం ఆమె వెళ్లేసరికి అతను కర్రలు పాతి తాడు కడుతున్నాడు. బావి తాడుకు అవతల, అతని వైపు ఉంది.

“ఏంటయ్యా ఇది?”

“ఉమ్మడి చాల్లే వదినా. ఎవరిది వాళ్లం చేసుకుందాం.”

“చేసుకో. బావి నాది కదా!”

“నీ గట్టేది? చూపించు.”

ఆమె పక్కనే ఉన్న దర్జీ వైపు తిరిగింది. “నువ్వు చెప్పన్నా. బావి నా వైపే కదా ఉండేది?”

దర్జీ మెడలో టేపు సర్దుకున్నాడు. అతని చేనుకు నీళ్లిస్తానని మరిది అప్పటికే మాటిచ్చాడు.

“నాకు సరిగ్గా గుర్తులేదు చెల్లెమ్మా.”

ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఆమెను చూసి గట్లు తీసినవాళ్లే, అందరిదీ అదే మాట. “మరిదేగా, పరాయివాడా?” అని ఒకామె సర్దిచెప్పింది కూడా.

మరిది అయితే నవ్వాడు. “బెంగెందుకు వదినా, కోతకు నిన్నే పిలుస్తాలే.”

ఇప్పుడు ఆ బావి నీళ్లు అందరి చేలకూ పారుతున్నాయి. పెద్దకోడలి ముక్కకు మాత్రం వానే దిక్కు. మీ దగ్గరా ఎవరైనా కలిసి సాగు చేద్దామంటే చేయండి, మంచి పనే. కానీ గట్టు మీద పార వేసే ముందు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. అక్కడివాళ్లు ఎలాగూ తలుచుకోరు.